ఇథనాల్ ప్లాంటుకు కేంద్రం వడ్డీ రాయితీ: లీటరుకు రూపాయి పావలా అండ

పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌ను ధాన్యంతో తీసే ప్లాంటులో డబ్బు పెట్టమంటూ వచ్చే ప్రాజెక్టు రిపోర్టుల్లో ముందు చూపించేది కేంద్రం వడ్డీ రాయితీనే. 2018లో మొలాసిస్ (చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి) డిస్టిలరీల కోసం మొదలైన ఈ పథకాన్ని 2021 జనవరిలో మక్కజొన్న, బియ్యం లాంటి ధాన్యాలకూ వర్తింపజేశారు. బ్యాంకు వడ్డీలో సగం లేదా 6 శాతం, ఏది తక్కువైతే అది ఐదేళ్లు కేంద్రం భరిస్తుంది. ఏడాది మారటోరియం (అసలు కట్టక్కర్లేని గడువు) కూడా ఆ ఐదేళ్లలోనే కలిసిపోతుంది కాబట్టి, నిర్మాణం ఆలస్యమైతే ఆ మేరకు నష్టమే. అయినా మంచి పథకమే. ఎంతవరకు ఆదుకుంటుందో మాత్రం లెక్క వేసి చూడాలి.

రోజుకు లక్ష లీటర్ల ప్లాంటు, 80 కోట్ల అప్పు, 10 శాతం వడ్డీ అనుకుందాం. రాయితీ 5 శాతం, అంటే మొదటి ఏడాది 4 కోట్లు. 330 రోజులు నడిస్తే 3.3 కోట్ల లీటర్లు. లీటరుకు పడేది 1.21 రూపాయలు. అసలు తీరేకొద్దీ అదీ తగ్గుతుంది.

ఇక మక్కజొన్న సంగతి. టన్నుకు సుమారు 380 లీటర్లు దిగుతుంది. 2025-26 మద్దతు ధర 2,400కు క్వింటా కొన్నా, ఒక్క గింజల ఖర్చే లీటరుకు 63 రూపాయలు దాటుతుంది. చమురు కంపెనీలు కొనే మక్కజొన్న ఇథనాల్ ధరను 2024 జనవరిలో 71.86కు పెంచారు. మిగిలిన ఎనిమిదిన్నరలోనే ఎంజైములు, ఈస్టు, బాయిలర్ ఇంధనం, జీతాలు, వడ్డీ అన్నీ సర్దుకోవాలి. దాణాకు అమ్మే డీడీజీఎస్ (ఆల్కహాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) డబ్బులు వస్తేనే గట్టెక్కేది. క్వింటాకు వంద పెరిగితే లీటరు ఖర్చు 2.63 పెరుగుతుంది. అంటే గింజ ధర 46 రూపాయలు పెరిగితే చాలు, రాయితీ మొత్తం దానికే పోతుంది. అమ్మే ధర ప్రభుత్వం చేతిలో ఉంది, కొనే ధర దగ్గరేమో కోళ్ల ఫారాలతో పోటీ పడాలి.

చవగ్గా వస్తోందని తడి సరుకు దించుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. తేమ 14 శాతం దాటిన గింజల్ని గుట్టపోస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. పిండిపదార్థం ఆల్కహాల్‌గా మారిపోయినా బూజు వదిలే విషం అఫ్లాటాక్సిన్ మాత్రం పోదు, డీడీజీఎస్‌లో సుమారు మూడింతలవుతుంది. దాణా మిల్లు ఆ లారీని తిప్పి పంపితే ఆ రోజు లాభం పోయినట్టే. గేటు దగ్గర ప్రతి లారీకీ తేమ మీటరు పెట్టాల్సిందే.

విధానాల్లో మార్పు ఇంతకన్నా పెద్ద దెబ్బ. 2023 జూలైలో ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) ఇథనాల్ ప్లాంట్లకు బియ్యం ఇవ్వడం ఆపేసింది. అదే ఏడాది డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తీయడం మీద ఆంక్షలొచ్చాయి. ఒకే ముడిసరుకుకు కట్టుకున్న ప్లాంట్లు ఇలాంటప్పుడు తట్టుకోలేవు. ఇప్పుడు ఆర్డర్లకూ కరువే. 2025-26కు చమురు కంపెనీలు 1,050 కోట్ల లీటర్లు అడిగితే, ప్లాంట్లు ఇస్తామన్నవి 1,776 కోట్ల లీటర్లు. ప్లాంటు సగం రోజులే నడిచినా వడ్డీ ఆగదు. పైగా ఉత్పత్తిలో కనీసం 75 శాతం చమురు కంపెనీలకే ఇవ్వాలన్నది రాయితీ షరతు.

నీళ్లు, వాసన విషయంలో ఊరివాళ్ల అభ్యంతరాలనూ తేలిగ్గా తీసుకోవద్దు. నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లలో ఇథనాల్ ప్లాంట్లు వద్దంటూ జరిగిన ఆందోళనలు అందరూ చూసినవే.

డబ్బు పెట్టేముందు రిపోర్టు రాసినవాళ్లతోనే క్వింటా 2,600, నడక 200 రోజులు, రాయితీ సున్నా అని పెట్టి లెక్క మళ్లీ వేయించండి. ఆ షీటులోనూ బ్యాంకు వాయిదా కట్టగలిగితేనే సంతకం పెట్టండి.