యాంప్ ట్రెబుల్ గుచ్చుకుంటోందా? కెపాసిటర్, జోబెల్, బయాస్: ఏది మేలు?

సొంతంగా కట్టిన యాంప్లిఫయర్‌లో బేస్ బాగానే ఉండి, పాటలో ‘స’, ‘ష’లు మాత్రం చెవిలో గుచ్చుకుంటుంటే చాలామంది ముందు చేసే పని ఇన్‌పుట్ దగ్గర ఒక కెపాసిటర్ వేసి ట్రెబుల్ కోసేయడం. తేలికే. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 1 నానోఫ్యారడ్ కెపాసిటర్ పెడితే సుమారు 16 కిలోహెర్ట్జ్ నుంచి పైది తగ్గుతూ పోతుంది.

కానీ ఆ గరుకుదనం ఇన్‌పుట్‌లో లేకపోతే? గొంతులోని 1 కిలోహెర్ట్జ్ స్వరం ఔట్‌పుట్ స్టేజిలో వంకరపోతే 3, 5, 7 కిలోహెర్ట్జ్ దగ్గర హార్మోనిక్స్ (అసలు స్వరానికి గుణిజాలుగా వచ్చే అదనపు ధ్వనులు) అక్కడే పుడతాయి. ముందున్న కెపాసిటర్ వాటిని ఆపలేదు. పాట మొద్దుబారుతుంది, గుచ్చుకోవడం మాత్రం పోదు. అందుకే నా ఓటు దీనికి చివర్లోనే.

ఏది ఎంచుకోవాలో వాల్యూమ్ నాబే సగం చెబుతుంది. చిన్న సౌండ్‌లోనే ఎక్కువ గరుకుగా ఉంటే క్రాసోవర్ డిస్టార్షన్‌ని (ఒక ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ నుంచి ఇంకోదానికి పని మారేచోట వచ్చే వంకర), అంటే తక్కువ బయాస్‌ని (పాట లేనప్పుడూ ఆ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంట్) అనుమానించాలి. పెంచినప్పుడే చిరిగినట్టు వస్తే అది క్లిప్పింగ్, అంటే తరంగం కొనలు తెగిపోవడం. సప్లై వోల్టేజి సరిపోవడం లేదన్నమాట, కెపాసిటర్, జోబెల్, బయాస్ మూడింట్లో ఏదీ పనికిరాదు. పాటే లేకుండా హీట్ సింక్ కాలిపోతుంటే ఆసిలేషన్ కావచ్చు. మన చెవికి అందని ఫ్రీక్వెన్సీలో యాంప్ తనంతట తానే అరుస్తోందన్నమాట.

చిప్ యాంప్ (యాంప్ అంతా ఒకే ఐసీలో ఉండేది) అయితే ఆసిలేషన్ సంగతే ముందు తేల్చుకోండి. ఔట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ సిరీస్‌లో ఉండే జోబెల్ బోర్డులో ఉందా? టీడీఏ2030, ఎల్ఎం1875 చిప్‌లకు 1 ఓమ్, 0.22 మైక్రోఫ్యారడ్ వాడతారు. ఆ 1 ఓమ్ రెసిస్టర్ నల్లబడి కనిపిస్తే ఇక వేరే పరీక్ష దాదాపు అక్కర్లేదు, ఆసిలేషనే దాన్ని కాల్చి ఉంటుంది. జోబెల్‌ని పొడుగు వైర్ల చివర వేలాడదీస్తే ఫలితం ఉండదు, చిప్ కాళ్ల దగ్గరే ఉండాలి. సప్లై పిన్నుల దగ్గర 100 నానోఫ్యారడ్ కెపాసిటర్లకూ ఇదే మాట.

ఇక్కడే ఇంకో తిరకాసుంది. ట్రెబుల్ తగ్గుతుందని కొందరు ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇన్‌పుట్ వైపు తెచ్చేది) మీద కెపాసిటర్ వేస్తారు. ఎల్ఎం1875, ఎల్ఎం3886 చిప్‌లు గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో) 10 లేదా అంతకన్నా ఎక్కువుంటేనే స్థిరంగా ఉంటాయి. మామూలు నాన్-ఇన్వర్టింగ్ సర్క్యూట్‌లో ఆ కెపాసిటర్ పై ఫ్రీక్వెన్సీల్లో గెయిన్‌ని 1 వైపు లాగుతుంది. అంటే మందు వేసి జబ్బు తెచ్చుకున్నట్టే.

ట్రాన్సిస్టర్లతో కట్టిన క్లాస్ ఏబీ యాంప్‌కి మాత్రం బయాస్ ముందు. స్పీకర్ తీసేసి, ఇన్‌పుట్ షార్ట్ చేసి, ప్రీసెట్‌ని (బయాస్ సర్దే చిన్న రెసిస్టర్) కనిష్ఠ కరెంట్ నుంచి మెల్లగా తిప్పుతూ 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ మీద మిల్లీవోల్టులు చూడండి. 20 వస్తే కరెంట్ సుమారు 90 మిల్లీయాంపులు. చాలా సర్క్యూట్లకు ఆ చుట్టుపక్కలే సరిపోతుంది. హీట్ సింక్ వేడెక్కాక మళ్లీ కొలవాల్సిందే. ఇంకా పెంచితే ఇంకా తియ్యగా వినిపిస్తుందనుకోవద్దు, ట్రాన్సిస్టర్లు పోతాయి.

ఆప్-యాంప్ (చిన్న సిగ్నల్‌ని పెంచే ఐసీ) మార్చడం గురించి ఒక్క మాట: 4558 తీసి ఎన్ఈ5532 పెడితే గరుకు పోతుందని ఆశపడే ముందు దాని సప్లై దగ్గర కెపాసిటర్లు ఉన్నాయో లేదో చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గుచ్చుకుంటుంటే అదే యాంప్‌కి వేరే స్పీకర్ తగిలించి వినండి. దాంట్లో బాగుంటే తప్పు ట్వీటర్‌ది. అప్పుడు కూడా ఇన్‌పుట్ కెపాసిటర్ కన్నా 8 ఓమ్‌ల ట్వీటర్‌కి సిరీస్‌లో 5 వాట్ల, 2 ఓమ్‌ల రెసిస్టరే మేలు. ట్రెబుల్ దాదాపు 2 డెసిబెల్స్ తగ్గుతుంది, యాంప్‌లో ఏదీ కదపక్కర్లేదు.