మందను పాట పెట్టాలా, పాలుకివ్వాలా? యుద్ధకాలపు విస్కాన్సిన్ రైతు లెక్క

1942 మొదట్లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, సాక్ ప్రెయిరీ రైతులకు ఏది మేలో ఆలోచించుకునే తీరికే లేదు. బారబూ ఊరికి దక్షిణాన పదివేల ఎకరాలకు పైగా మంచి సాగుభూమిని ప్రభుత్వం తుపాకీ మందు ఫ్యాక్టరీ కోసం తీసేసుకుంది. దాని పేరు బ్యాడ్జర్ ఆర్డ్‌నెన్స్ వర్క్స్. సుమారు 90 కుటుంబాలు ఇల్లూ కొట్టమూ వదిలి పోవాల్సి వచ్చింది. గడ్డకట్టే చలిలో గొడ్డూ గోదా తోలుకుని కొత్త పొలం ఎక్కడ వెతుక్కుంటారు? అలాంటప్పుడు వేలం తప్ప దారి ఉండదు. ఒకే చుట్టుపక్కల అందరూ ఒకేసారి అమ్మకానికి దిగితే కొనేవాడిదే రాజ్యం.

ఎంచుకునే వీలు ఉన్న రైతుల సంగతి వేరు. 1942-43 చలికాలంలో ఆ రాష్ట్రంలో ఒక మామూలు పాడి ఇల్లు అనుకోండి. తండ్రికి అరవై దాటాయి. పద్దెనిమిది ఆవులు. కరెంటు లేదు, పాలు చేత్తోనే పిండాలి. చెయ్యి తిరిగినవాడు గంటకు ఏడెనిమిది ఆవుల్ని పిండుతాడు. అంటే పూటకు రెండు గంటలకు పైనే, రెండు పూటలా కలిపి అయిదు గంటలు. అది పిండడానికే. మేత, పేడ, నీళ్లు వేరే. పది గాలన్ల క్యాన్‌లో పాల బరువే దాదాపు 40 కిలోలు. దాన్ని చలిలో రోడ్డు దాకా మోయాలి. పెద్దకొడుకు పట్టాళంలో ఉన్నాడు. జీతగాడు మిల్వాకీ ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు, అక్కడ ఇచ్చే కూలి ఇక్కడ ఇవ్వలేరు. ఇప్పుడేం చేయాలి?

మొదటిది వేలంపాట. అది ఒక్కరోజులో తేలిపోతుంది, అదే దాని బలం. ముందుగా కరపత్రాలు అంటిస్తారు. పాట రోజున పొద్దున గడ్డిబండి మీద సుత్తులు, గొలుసులు, మేకుల డబ్బాలు, పాత జీనులు పరుస్తారు. పాట పాడించేవాడిని అందరూ ‘కర్నల్’ అని పిలుస్తారు, సైన్యం ముఖం చూడకపోయినా సరే. చిల్లర సామానుతో మొదలెట్టి జనం చలికి కాస్త కుదురుకున్నాక పనిముట్లకు, చివరికి ఆవులకు వస్తాడు. చర్చి ఆడవాళ్లు ఒక పక్క భోజనం అమ్ముతుంటారు. బ్యాంకు గుమస్తా బల్ల వేసుకుని లెక్క రాస్తుంటాడు. చిన్న మొత్తమైతే రొక్కం, పెద్దదైతే ప్రోనోటు మీద గడువు.

ఆవు రేటు పాటలో ఎందుకు పెరుగుతుందో, ఎందుకు పడిపోతుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. పొదుగు నిండుగా కనబడాలని పొద్దున పాలు పిండకుండా తోలుకొస్తారు. మన సంతల్లో తెలిసిన విద్యే. తెలివైన కొనుగోలుదారు పొదుగు చూడడు, పుస్తకం చూస్తాడు. పాల రికార్డు సంఘంలో చేరిన మందలకు నెల నెలా పాలు తూచి, వెన్న శాతం రాసిన లెక్క ఉంటుంది. తర్వాత చూసేది చెవి పోగు, పరీక్ష కాగితం. పశువుల క్షయను అమెరికా 1940 నాటికి దాదాపు అదుపులోకి తెచ్చింది. కానీ ఈసుకుపోయే జబ్బు, అంటే చూడి ఆవుకు గర్భం పోయేలా చేసే బ్రూసెల్లోసిస్, అప్పటికి ఇంకా ఉంది. కాగితం లేని ఆవు ఎంత పాలిచ్చినా కొనేవాడు వెనకాడతాడు. కాగితంతో, ఈనడానికి నెలలోపు ఉన్న చూడి ఆవుకు మాత్రం పాట ఎగబాకుతుంది. వట్టిపోయిన ముసలి ఆవును మాంసం దళారి తీసుకుంటాడు, ఆ రేటు వేరు.

రెండోది మారుబేరం, అంటే దళారికో పక్క రైతుకో విడిగా అమ్మడం. ఇందులో గొప్పగా చెప్పాల్సిందేమీ లేదు. ఒకడే కొంటాడు కాబట్టి రేటు ఒకడిదే. మంచివి పట్టుకుపోయి మిగతావి నీ కొట్టంలోనే వదిలేస్తాడు.

పనిముట్ల దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. 1942 సెప్టెంబరులో కొత్త యంత్రాలకు రేషన్ వచ్చింది. అక్టోబరులో వచ్చిన ఉత్తర్వు కొత్త యంత్రాల తయారీని 1940తో పోలిస్తే అయిదో వంతు దగ్గరికి కుదించింది. ఉక్కు ట్యాంకులకు పోయింది మరి. దాంతో పాత ట్రాక్టరుకు గిరాకీ పెరిగిపోయింది. వేలానికి ఇంతకంటే మంచి కాలం ఉంటుందా అనిపిస్తుంది. అయితే వాడిన ట్రాక్టర్లు, కంబైన్‌ల వంటి వాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టింది. ఆ గీత దగ్గర అయిదుగురు ఆగిపోతే ఇంకొకడు పైకి పాడలేడు. వేలం అనే మాటకు అర్థమే పోతుంది. అందుకే ట్రాక్టరును వేలంలో పెట్టడం కన్నా, అదే ధరకు పక్క రైతుకిచ్చి బదులుగా రేపు కోతకు అతని సాయం మాట తీసుకోవడం నా దృష్టిలో మేలు. టైర్లకు, పెట్రోలుకు రేషన్ ఉన్నప్పుడు దూరం నుంచి కొనుగోలుదార్లు కూడా అంతగా రారు.

మూడోది, మన పల్లెల్లో పశువును పాలుకిచ్చినట్టే, మందను పాలుకివ్వడం. విస్కాన్సిన్‌లో కౌలు ఒప్పందాలు సగం సగం పద్ధతిలో ఉండేవి: మందలో ఇద్దరికీ వాటా, పాల డబ్బులో ఇద్దరికీ సగం, పుట్టిన పెయ్యల్లోనూ సగం. యుద్ధం తర్వాత కొడుకు తిరిగొస్తే మంద ఉంటుంది. ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన దారి. చిక్కల్లా మనిషి దొరకడమే. ఓపికున్న కుర్రాళ్లందరూ అయితే సైన్యంలో, కాకపోతే ఫ్యాక్టరీలో ఉన్న ఏడాది అది.

చిన్నకొడుకు ఇంట్లో ఉంటే ఇక ప్రశ్నే మారిపోతుంది. 1942 నవంబరులో సైనిక భర్తీ చట్టానికి టైడింగ్స్ సవరణ వచ్చింది. సేద్యానికి తప్పనిసరి అయిన మనిషిని పట్టాళంలోకి తీసుకోవడాన్ని వాయిదా వేయవచ్చు. ఎవరు తప్పనిసరో తేల్చడానికి యూనిట్ల లెక్క పెట్టారు. పాడి ఆవు ఒక్కింటికి ఒక యూనిట్, ఒక మనిషికి లక్ష్యం పదహారు యూనిట్లు. కొట్టంలో ఆవులు లెక్కపెడితే అబ్బాయి ఇంట్లో ఉంటాడో లేదో కొంత తెలుస్తుంది. పాట పెట్టి నాలుగు ఆవులు అమ్మినా ఆ లెక్క కదులుతుంది. అలాంటి ఇంట్లో వేలం అంటే పశువుల వేలం ఒక్కటే కాదు. అక్కడ తండ్రి నడుము నొప్పి గురించి మాట్లాడేవాళ్లు తక్కువే ఉండి ఉంటారు.

నన్నడిగితే, పిండే చేతులు ఇంట్లో ఒక్క జతైనా ఉంటే మందను కదల్చను. వట్టిపోయినవి ఉంటే వాటిని మాత్రం తీసేసి, వీలైతే పాలు పిండే మెషీన్ కోసం తిరుగుతాను. చేతులు లేక, పాలుకు తీసుకునే మనిషీ దొరక్కపోతే ఆవుల్ని పాటకే పెడతాను, కాగితాలన్నీ చేతిలో ఉంచుకుని. ఇనుమును మాత్రం పక్క రైతుకిస్తాను. ఆవుల్ని అమ్మితే దేశానికి పాలు తగ్గుతాయేమో అని అప్పట్లో బెంగ ఉండేది. తీరా 1944 ప్రాంతంలో అమెరికాలో పాడి ఆవులు మునుపెన్నడూ లేనంతగా, రెండున్నర కోట్లకు పైన ఉన్నాయి. పాటలో పోయిన ఆవుల్లో చాలావాటికి కొట్టం మారింది, అంతే. కొత్త చేతికి అలవాటుపడి చేపడానికి వాటికి కొన్నాళ్లు పడుతుంది.