మనౌస్‌కి ఏది మేలు: రోడ్డా, నదా?

బ్రెజిల్‌లో అమెజాన్ అడవి మధ్యనున్న మనౌస్‌లో ఇరవై లక్షల మంది ఉంటారు. దక్షిణాన పోర్టో వెల్యో నుంచి అక్కడికి సరుకు రావాలంటే దారులు రెండు: బీఆర్-319 హైవే, మదీరా నది.

ఖర్చు: నదిదే పైచేయి. ఒక్క టగ్ బోటు వేల టన్నుల సోయాను బార్జీల్లో, అంటే అడుగు చదునుగా ఉండే సరుకు పడవల్లో, తోసుకుపోతుంది. 1976లో తెరిచిన రోడ్డేమో, దాదాపు 880 కిలోమీటర్లు, పట్టించుకోక 1980ల చివరికే పాడైంది. మధ్యలో 400 కిలోమీటర్లు ఇప్పటికీ మట్టే.

సమయం: ఎండాకాలంలో రోడ్డు. పడవ ప్రయాణానికి రోజులు పడుతుంది.

రిస్క్: రెండింటికీ ఉంది. 2024 కరువులో పోర్టో వెల్యో దగ్గర మదీరా నీటిమట్టం మీటరుకన్నా కిందికి పడిపోయింది, బార్జీలు ఆగిపోయాయి. వానల్లో రోడ్డు సంగతి ఇంకా ఘోరం. 2021 జనవరిలో మనౌస్ ఆసుపత్రుల్లో ఆక్సిజన్ అయిపోయి జనం చనిపోతుంటే, సిలిండర్ల లారీలు ఈ బురదలోనే దిగబడ్డాయి. 2022లో ఇదే రోడ్డు మీదున్న కురుసా వంతెన కూలి ప్రాణాలు పోయాయి. ఊరివాళ్లు రోడ్డు కావాలని పట్టుబడితే తప్పెలా అంటాం?

అడవి: నా భయమంతా ఇక్కడే. పొరుగు రాష్ట్రం రొండోనియాలో బీఆర్-364 హైవేకి 1984లో తారు పడ్డాక, పక్కదారులు చేపముల్లులా చీలి అడవిని నరికేశాయి. నది వెంట అలా జరగడం తక్కువ.

సోయా, ఇంధనం లాంటి బరువు సరుకుకి నదే సరి, పూడిక తీయిస్తూ ఉండాలి. రోగులకీ, పాడైపోయే సరుకుకీ, కరువు నెలలకీ రోడ్డు అవసరమే. కానీ తారు కంటే ముందు చెక్‌పోస్టులు, అటవీ సిబ్బంది రావాలి. వాళ్లు లేకపోతే నేను నదివైపే.