బేగంబజార్ మూలికల కొట్టు: విషాలు అమ్మడం తెలిసిన చోటు

ఐదు స్టార్లు.

నేను ఆయుర్వేద వైద్యురాలిని. కొన్ని మందులు క్లినిక్‌లోనే తయారు చేసుకుంటాం కాబట్టి ముష్టి గింజలు, వసనాభి, నల్లజీడి లాంటి సరుకు తరచూ కావాల్సి వస్తుంది. బేగంబజార్‌లో మూలికల కొట్లకు కొదవ లేదు. కరక్కాయ, తిప్పతీగ, అశ్వగంధ అయితే ఎక్కడైనా కొనేస్తాను, విషపు సరుకు మాత్రం ఇక్కడే. గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దాయన వైద్యుడి చీటీ చూడందే వాటి మీద చెయ్యి కూడా వెయ్యరు. చీటీ ఉన్నా సరే, ఎవరికి, ఏ రోగానికి, శుద్ధి, అంటే విషం తగ్గించే పని, ఎవరు చేస్తారు అని అన్నీ అడిగాకే తూకం వేస్తారు.

"ప్రశ్నలు ఎక్కువ, సరుకు ఇవ్వరు" అని ఒకరిద్దరు ఒక్క స్టార్ ఇచ్చినట్టున్నారు. నేను ఐదు ఇస్తున్నది అందుకే. మొన్న నా ముందే ఒక కుర్రాడు వచ్చి గురివింద గింజలు పావుకిలో కావాలన్నాడు. పేనుకొరుకుడుకట, ఫోన్‌లో వీడియో చూశాడట, నూరి తలకు పట్టిస్తాడట. పేనుకొరుకుడుకి గురివింద పాత మందే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ గింజ పైపెంకు గట్టిగా ఉంటుంది కాబట్టే ఎవరైనా పొరపాటున మింగినా చాలాసార్లు ఉన్నది ఉన్నట్టు బయటికి వచ్చేస్తుంది, అదే నమిలినా నూరినా లోపలున్న ఎబ్రిన్ బయటపడుతుంది, అది ప్రాణం తీసే విషం. పెద్దాయన అరవలేదు, కసరలేదు. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా బాబూ?" అన్నారు. ఉన్నారన్నాడు. "మరి నూరిన రోలు ఎక్కడ పెడతావు?" అన్నారు. ఆ అబ్బాయి దగ్గర జవాబు లేదు. గింజలు ఇవ్వకుండా ఒక వైద్యుడి అడ్రస్ రాసిచ్చి పంపారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది అతివస, వసనాభి పెట్టే పద్ధతి. రెండూ హిమాలయాల నుంచి వచ్చే వేళ్లే, ఒకే జాతి మొక్కలవి. అతివసను చంటిపిల్లల జ్వరానికి, విరేచనాలకు వేస్తాం. తుంగముస్తలు, పిప్పళ్లు, కర్కాటశృంగితో కలిపి చేసే బాలచతుర్భద్ర చూర్ణంలో అది ఉంటుంది. వసనాభి అలా కాదు, శుద్ధి కానిది కొంచెం లోపలికి వెళ్లినా పెదాలు, నాలుక తిమ్మిరెక్కి గుండె లయ తప్పుతుంది, దానికి నేరుగా పనిచేసే విరుగుడు మందంటూ లేదు. ఈ రెండూ ఒకే అరలో పక్కపక్క డబ్బాల్లో పెట్టే కొట్లు నేను చూశాను, చూసినప్పుడల్లా టెన్షన్ వస్తుంది. ఇక్కడ వసనాభి వేరే బీరువాలో తాళం వేసి ఉంటుంది, దాని త్రాసు కూడా వేరు. అతివస అడిగితే ఒక వేరు మన ముందే పుటుక్కున విరిచి చూపిస్తారు. లోపల పిండిలా తెల్లగా ఉండి, మధ్యలో నల్లటి చుక్కలు గుండ్రంగా పేర్చినట్టు కనిపించాలి. అలా కనిపించకపోతే పక్కన పడేస్తారు.

శుద్ధి చేసిన ముష్టి గింజలు కూడా ఇస్తారు, ఆ పని వెనక గదిలో స్వయంగా చూశాను. బొత్తాల్లా ఉండే బూడిదరంగు గింజల్ని ఏడు రోజులు గోమూత్రంలో నానబెడతారు, రోజూ పాతది పారబోసి కొత్తది పోస్తారు. తర్వాత కడిగి, గుడ్డలో మూట కట్టి, గిన్నె అడుగుకు తగలకుండా పాలలో వేలాడదీసి మూడు గంటలు ఉడికిస్తారు. పొట్టు వలిచి, గింజను రెండుగా చీల్చి మధ్యలో ఆకులా ఉండే చిన్న మొలకను కూడా తీసేస్తారు. చాలామంది ఎగ్గొట్టేది ఈ పనే, ఇక్కడ ఒక్కో గింజకూ కూర్చుని తీస్తున్నారు. ఆఖరున ఆవునేతిలో వేయించి, వేడి మీదే దంచుతారు, చల్లారితే గట్టిపడి దంచడానికి లొంగదు. ఇంతా చేశాక కూడా ముష్టిలోని విషం స్ట్రిక్నిన్ పూర్తిగా పోదు, తగ్గుతుంది. అందుకే ముష్టి కలిసే అగ్నితుండి వటి లాంటివి అరుగుదల మాత్రలే కదా అని ఎవరికి వాళ్లు కొనుక్కుని మింగేస్తుంటే నాకు భయం వేస్తుంది.

నల్లజీడి దగ్గర పనివాళ్లు చేతులకు కొబ్బరినూనె రాసుకునే కూర్చుంటారు, శుద్ధి కోసం ఇటుకపొడిలో రుద్దేటప్పుడు దాని రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది మరి.

ఇదంతా చూశాక ఆన్‌లైన్ సంగతి చెప్పాలి. ఒక వెబ్‌సైట్‌లో ముష్టి గింజలు ఆర్డర్ పెడితే పచ్చివే, ఉట్టి ప్లాస్టిక్ కవర్లో, విషం అన్న ఒక్క ముక్క లేకుండా ఇంటికొచ్చాయి. ఎవరు కొంటున్నారని అడిగినవాళ్లే లేరు. తయారైన ఆయుర్వేద మందులకైతే రూల్ ఉంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ ఇ(1) అని విషద్రవ్యాల జాబితా ఉంది, వసనాభి, ముష్టి, నల్లజీడి, ఉమ్మెత్త, గురివింద, గన్నేరు, జిల్లేడు అన్నీ అందులోవే. అవి కలిసిన కడుపులోకి తీసుకునే మందు డబ్బా మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలని ఇంగ్లీషులో, హిందీలో రాయాలి. నా దగ్గరికి వచ్చే ముసలివాళ్లలో ఆ రెండూ చదవగలిగేది ఎంతమంది? తెలుగులో కూడా వేయాల్సిందే.

ఈ కొట్టు మీద నా ఫిర్యాదు కూడా అలాంటిదే. శుద్ధి చేసిన సరుకు పొట్లం మీద పేరు, బరువు తప్ప శుద్ధి చేసిన తేదీ వేయరు. అడిగితే నోటితో చెప్తారు, కానీ రాసి ఉండాలి. ఎర్ర సిరాతో "విషం" అని ఒక ముద్ర కొడితే ఇంకా మంచిది, పెద్దాయనకు ఈ మాట చెప్పాను, చేయిస్తానన్నారు.

రేటు పక్క కొట్ల కన్నా ఎక్కువే, పనికి తగ్గట్టు ఉంది. పార్కింగ్ ఉండదు, పొద్దున్నే వెళ్తే కాస్త నయం. వైద్యులెవరైనా ముష్టి శుద్ధి చేయించుకోవాలంటే ముందుగా ఫోన్ చేసి చెప్పండి, వారం పైనే పడుతుంది, తొందరపెడితే ఆర్డరే తీసుకోరు.