మొక్క లేబుల్ మీద ‘జోన్ 3’ అని ఉంటే డబ్బు కట్టే ముందు ఆగండి

ఆన్‌లైన్‌లో మొక్కలు తెప్పించుకునేవాళ్లు, ముఖ్యంగా చలికాలంలో నీళ్లు గడ్డకట్టే చోట తోట పెంచేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. జోన్ అంటే చలి తీవ్రతను బట్టి ప్రాంతాలకు ఇచ్చే అంకె, అమెరికా లెక్కలో అంకె ఎంత చిన్నదైతే చలి అంత ఎక్కువ. జోన్ 3 చలిని కూడా తట్టుకుంటాయని రాసి అమ్మిన బాటిల్ బ్రష్ మొక్కలు మా తోటలో తొలి గట్టి చలికే చచ్చిపోయాయి. అమ్మినవాళ్లు పైసా వెనక్కి ఇవ్వలేదు. వాళ్ల పేరు చెప్పడం లేదు. అదే వాక్యం, అదే అంకె ఇంకొన్ని చోట్ల కూడా అచ్చుగుద్దినట్టు కనిపించాయి, అందుకని ఒక్క కొట్టు మానేసినంత మాత్రాన మీరు తప్పించుకోలేరు. పొరపాటు ఎక్కడ పుడుతోందో తెలిస్తేనే తప్పించుకోగలరు.

మా తోట అమెరికా వ్యవసాయ శాఖ లెక్కలో జోన్ 6 కిందికి వస్తుంది. అంటే ఏడాదిలో అతి చల్లటి రాత్రి సగటున మైనస్ 18 నుంచి మైనస్ 23 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. బాటిల్ బ్రష్ ఆస్ట్రేలియా మొక్క కాబట్టి నాకు అనుమానం వచ్చింది, డబ్బు కట్టే ముందే రాసి అడిగాను: మా జోన్ ఇది, నేలలో నాటితే బతుకుతాయా అని. ‘జోన్ 3 వరకు తట్టుకుంటాయండీ, మీ దగ్గర నిశ్చింతగా పెరుగుతాయి’ అని జవాబిచ్చారు. మొక్కలు బాగానే వచ్చాయి, ఆకులు నిగనిగలాడుతూ, వేళ్లు నిండుగా. చలి దిగిన కొద్ది రోజులకే ఆకులు గోధుమరంగుకు మారాయి, కాండం మొదట్లో బెరడు నిలువునా చీలింది. వసంతం దాకా ఆగి, గోటితో బెరడు గీరి చూశాను. లోపల ఎక్కడా పచ్చదనం లేదు, నేలమట్టం దాకా గోధుమరంగే.

ఫిర్యాదు చేస్తే, తమ తప్పేమీ లేదని చూపించడానికి వాళ్లు మొక్కలు పెంచిన చోటి నుంచి వచ్చిన అసలు లేబుల్ ఫొటో పంపారు. దాని మీద ఉన్నది జోన్ 3 కాదు, హెచ్3. ఆ ఒక్క అక్షరం ఎగిరిపోయి, అంకె మాత్రం మిగిలి, దాని ముందు ‘జోన్’ చేరింది.

ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో చూడండి. అమెరికా పద్ధతిలో జోన్లు 1 నుంచి 13 దాకా ఉంటాయి, ఒక్కో జోన్ వెడల్పు 10 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 5.6 డిగ్రీల సెల్సియస్. ప్రతి జోన్‌నూ మళ్లీ ఎ, బి అని రెండు సగాలు చేస్తారు. అంకె చిన్నదయ్యేకొద్దీ చలి ఎక్కువ. జోన్ 3 అంటే మైనస్ 34 నుంచి మైనస్ 40 డిగ్రీల సెల్సియస్. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ హెచ్1 నుంచి హెచ్7 దాకా గుర్తులుంటాయి, అంకె పెద్దదయ్యేకొద్దీ మొక్క గట్టిది. హెచ్7 మొక్క మైనస్ 20 కన్నా దిగువ చలిని తట్టుకుంటుంది. హెచ్3 మొక్క తట్టుకునేది 1 డిగ్రీ నుంచి మైనస్ 5 డిగ్రీల దాకా మాత్రమే. ఇంకో తేడా కూడా ఉంది: అమెరికా అంకె చోటును చెబుతుంది, బ్రిటన్ అంకె మొక్క శక్తిని చెబుతుంది. ఒకదాన్ని ఇంకోదానిగా చదివితే 3 దగ్గర 30 డిగ్రీలకు పైగా తప్పు వస్తుంది. అంత తప్పును పాదులో ఎండాకు కప్పో, మొక్కకు గుడ్డ చుట్టో సరిచేయలేం.

ఆస్ట్రేలియాలోనూ సొంత జోన్ల పటం ఉంది, 1 నుంచి 7 దాకా. అందులో జోన్ 3 అంటే 0 నుంచి మైనస్ 5. కాబట్టి ఆస్ట్రేలియా మూలం ఉన్న మొక్కలకు (యూకలిప్టస్, గ్రెవిలియా, బాటిల్ బ్రష్, బాంక్సియా) ‘జోన్ 3’ అని చూస్తే మరీ జాగ్రత్త. కెనడా వాళ్లది ఇంకో దారి. 1967లో వాళ్లు వేసిన పటంలో చలి ఒక్కటే కాదు, మంచు పడని రోజులు, వేసవి వాన, పేరుకునే మంచు లోతు, గాలి వేగం కూడా లెక్కలోకి తీసుకున్నారు. అందుకే కెనడా అంకె, అమెరికా అంకె ఒకే ఊరికి వేర్వేరుగా ఉండొచ్చు. ఇన్ని పటాలున్నప్పుడు ఏ దేశం పద్ధతో చెప్పకుండా ఉత్త ‘జోన్’ అని రాసిన లేబుల్‌ను నేనైతే ఇక నమ్మను.

సరైన పద్ధతిలో సరైన అంకె రాసినా, అది హామీ కాదు. జోన్ లెక్క 30 ఏళ్లలో ఒక్కో ఏడాది నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు. సగటు కన్నా చల్లటి ఏళ్లు సహజంగానే వస్తాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో ఏం జరిగిందో గుర్తుంచుకోండి. జోన్ 8 కింద ఉన్న డల్లాస్ ప్రాంతంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయింది. ఆ జోన్‌కు రాసిపెట్టిన దిగువ హద్దు మైనస్ 12. జోన్ చూసుకుని నాటిన మొక్కలు కూడా ఆ వారంలో పోయాయి. చెట్టుగా ఎదిగి ఏళ్ల తరబడి నిలవాల్సినవి కొనేటప్పుడు మీ జోన్ కన్నా కనీసం ఒక అంకె చల్లటి చోటికి సరిపోయేవి తీసుకోండి. ఏడాదికో రెండేళ్లకో మార్చేసే పూల మొక్కల విషయంలో ఇంత పట్టింపు అక్కర్లేదు.

అమెరికా పటం 2023లో మారింది. 1991 నుంచి 2020 వరకు లెక్కలు తీసుకుని, 13,412 వాతావరణ కేంద్రాల సమాచారంతో కొత్తగా వేశారు. 2012 నాటి పటంతో పోలిస్తే దేశంలో దాదాపు సగం భాగం అర జోన్ వెచ్చటి వైపు జరిగింది. ఇది చూపించి ‘మీ జోన్ మారిందండీ, ఇప్పుడు ఇది కూడా పెంచుకోవచ్చు’ అని అమ్మేవాళ్లున్నారు. సగటు కాస్త పెరిగినంత మాత్రాన ఒక్క రాత్రి పడే గడ్డ చలి ఆగిపోదు. అర జోన్ మార్పును చూసి ఖరీదైన మొక్క కొనకండి.

ఇంకో మాట. జోన్ అంకె చలికాలపు అడుగును మాత్రమే చెబుతుంది, వేసవి గురించి ఒక్క ముక్క చెప్పదు. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులు, అమెరికాలోని దక్షిణ అలబామా రెండూ 8, 9 జోన్ల హద్దు మీదే ఉన్నాయి. ఒక చోట వేసవి చల్లగా, గాలులతో గడిచిపోతుంది, ఇంకో చోట ఉక్కపోతతో ఉడికిపోతుంది. రెండు చోట్లా ఒకే మొక్క పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్ముతారా? అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో వేడి జోన్ల పటం విడిగా తెచ్చింది ఇందుకే. 30 డిగ్రీలు దాటిన రోజులు ఏడాదికి ఎన్నో చూసి 12 జోన్లుగా విడదీశారు. అమ్మకాల పేజీల్లో ఈ అంకె ఉండటం అరుదు. కనబడితే మాత్రం వదలకుండా చూడండి.

చలికాలం వెచ్చగా గడిచే చోట ఉన్నవాళ్లు, ఇదంతా మనకెందుకులే అనుకోకండి. మిమ్మల్ని మోసం చేసే తీరు వేరు. మీ దగ్గర మొక్క చలికి చావదు, కానీ చలి చాలక పూయదు, కాయదు. ఆపిల్, చెర్రీ, పీచ్ లాంటి ఆకురాల్చే పండ్ల చెట్లకు నిద్రలోంచి లేచి మొగ్గ విప్పుకోవడానికి కొంత చలి తప్పనిసరి. 0 నుంచి 7 డిగ్రీల మధ్య గడిచిన గంటలను లెక్కపెట్టి వీటిని చలి గంటలు అంటారు. మామూలు ఆపిల్ రకాలు చాలావాటికి 800 నుంచి 1,000 గంటలు కావాలి. ఇజ్రాయెల్‌లో రూపొందించిన అన్నా లాంటి రకాలకు 300 గంటల లోపే చాలు. పేజీలో ‘వేడి ప్రాంతాలకు కూడా’ అని ఉండి, రకం పేరు, చలి గంటల అంకె లేకపోతే ఆ ఆపిల్ మొక్కను కొనొద్దు. ఏళ్లపాటు నీళ్లు పోసి పెంచాక ఆకులు తప్ప ఏమీ రాదు. అప్పటికి ఫిర్యాదు చేసే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. చచ్చిన మొక్కకన్నా ఈ మోసమే పెద్దదని నా అభిప్రాయం, ఎందుకంటే పోయేది మొక్క ఖరీదు కాదు, అన్నేళ్ల కాలం.

ట్యూలిప్ గడ్డలూ అంతే. 12 నుంచి 16 వారాల చలి ఉంటేగాని సరిగా పూయవు. ముందే చల్లబెట్టి అమ్మే గడ్డలు వెచ్చటి చోట ఒక్కసారి పూస్తాయి, మరుసటి ఏడాదికి మళ్లీ చల్లబెట్టాలి. ఈ సంగతి చెప్పకుండా ‘ప్రతి ఏటా పూస్తుంది’ అని రాస్తే అది అబద్ధం.

చల్లటి చోట కూడా బతకడం, పూయడం వేరువేరు. నీలం, గులాబీ రంగు గుత్తులు పూసే పెద్దాకు హైడ్రేంజియాలో మామూలు రకాలు ముందటి ఏడాది కొమ్మల మీదే మొగ్గలు దాచుకుంటాయి. వేరు బతికే చలికే ఆ మొగ్గలు మాడిపోవచ్చు. వసంతంలో మొదట్లోంచి చక్కగా చిగురిస్తుంది, పువ్వు మాత్రం ఉండదు. లేబుల్ తప్పు కాదు, కానీ మీరు కొన్నది పూల కోసం. పానిక్యులాటా, అర్బోరెసెన్స్ జాతుల హైడ్రేంజియాలు ఆ ఏటి కొత్త కొమ్మల మీద పూస్తాయి కనుక చలి ప్రాంతాలకు అవే మేలు. అందుకే ‘బతుకుతుందా’ అని కాదు, ‘నేలలో, నా జోన్‌లో, కప్పకుండా వదిలేస్తే పూస్తుందా’ అని అడగండి.

కుండీల్లో పెంచేవాళ్లకు లేబుల్ అంకె వర్తించదు. ఆ అంకె నేలలో నాటిన మొక్కకు సంబంధించింది. వేళ్లు కొమ్మలంత చలి తట్టుకోలేవు. నేల వాటిని కాపాడుతుంది, కుండీలో నాలుగు వైపుల నుంచీ చలి తగులుతుంది. బయటే ఉంచే కుండీ అయితే మీ చోటికన్నా రెండు జోన్లు చల్లటి చోట బతికే మొక్క తీసుకోవాలన్నది తోటమాలుల లెక్క. తడి సంగతి కూడా అంకెలో ఉండదు. లావెండర్ లాంటివి పొడి చలిని భరిస్తాయి, నీళ్లు నిలిచే జిగట నేలలో అంతకన్నా తక్కువ చలికే వేరు కుళ్లి పోతాయి.

మొక్క పంపే నెల కూడా చూసుకోండి. రోజులు కురచై, చలి మెల్లగా ముదిరేకొద్దీ మొక్క తనను తాను గట్టిపరుచుకుంటుంది. వెచ్చటి పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ కప్పిన పందిరిలో) ఎరువు వేసి పెంచి, శరదృతువు చివర్లో తగ్గింపు ధరకు పంపే మొక్కకు ఆ అవకాశం దొరకదు. జాతి గట్టిదే అయినా లేత చిగుళ్లతో వచ్చిన ఆ మొక్క పోతుంది. పైగా ఒకే జాతిలోనూ మూలం బట్టి తేడాలుంటాయి. ఎర్ర మేపుల్ ఫ్లోరిడా నుంచి కెనడా దాకా అడవుల్లో పెరుగుతుంది, అంతమాత్రాన ఫ్లోరిడా విత్తనంతో మొలిచిన చెట్టు కెనడా చలికి నిలవదు. అంటు మొక్కల్లో పైన ఉన్న రకం చచ్చి, దాన్ని అంటు కట్టిన కింది వేరు మొక్క (రూట్‌స్టాక్) చిగురిస్తే, ‘చూడండి, బతికే ఉంది’ అని అమ్మినవాళ్లు తప్పించుకుంటారు. చిగురు అంటు కట్టిన చోటికి పైన వచ్చిందా, కింద వచ్చిందా అన్నది ఫొటో తీసి పెట్టుకోండి.

కొనే ముందు అమ్మేవాళ్లకు ఈ మాటలే రాసి పంపండి: ‘ఈ అంకె ఏ దేశపు పద్ధతి? తట్టుకునే అతి తక్కువ ఉష్ణోగ్రత సెల్సియస్‌లో ఎంత? మొక్క శాస్త్రీయ నామం, రకం పేరు ఏమిటి? బయట పెంచారా, పాలీహౌస్‌లోనా?’ డిగ్రీల్లో జవాబు రాకపోతే అక్కడితో ఆపేయండి. వస్తే, శాస్త్రీయ నామంతో ఏదైనా బొటానికల్ గార్డెన్ సమాచారంలో వెతికి పోల్చి చూడండి. బాటిల్ బ్రష్‌కు వెతికితే సాధారణంగా అమెరికా పద్ధతిలో 8 లేదా 9 నుంచి మొదలవుతుందని కనబడుతుంది. ఆ పద్ధతిలో ఎక్కడా 3 ఉండదు.

పేజీ స్క్రీన్‌షాట్, వాళ్ల జవాబు, మొక్కతో వచ్చిన లేబుల్ మూడూ దాచండి. నా ఫిర్యాదు తర్వాత ఆ పేజీలో జోన్ అంకె మాయమైంది, మొక్క అమ్మకం మాత్రం సాగుతూనే ఉంది. వాపసు గడువు ఎప్పటి నుంచి లెక్కిస్తారో కూడా ముందే అడగండి. చాలాచోట్ల అది డెలివరీ రోజు నుంచి మొదలై చలికాలం రాకముందే ముగుస్తుంది. ఒక పూర్తి చలికాలం గడిచేదాకా పూచీ రాసిచ్చే నర్సరీ దొరికితే, ధర కొంచెం ఎక్కువైనా అక్కడే కొనండి.

ఇప్పటికే ఇలాంటి మొక్క నాటి, చలి ఇంకా దిగకపోతే, దాన్ని వేళ్ల మట్టితో సహా తీసి కుండీలోకి మార్చి, గడ్డకట్టని చల్లటి, వెలుతురున్న గదిలో పెట్టండి. నీళ్లు తగ్గించండి, ఎరువు వేయకండి, కత్తిరించకండి. చలి తగిలేసి ఉంటే తొందరపడి పీకేయకండి. వసంతం బాగా ముదిరాక మొదట్లో బెరడు గీరి చూడండి. పచ్చగా కనబడితే పైన ఎండిన కొమ్మలు మాత్రం కోసి ఇంకొన్నాళ్లు ఆగండి.