వేడి మీద స్టార్ట్ కాని డీజిల్ కారు: కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గరి ఒక వర్క్‌షాపుపై సమీక్ష

కర్నూలులో కార్లు బాగుచేసే షాపులకు కొదవ లేదు గానీ, డీజిల్ ఇంజన్ వేడెక్కాక స్టార్ట్ కాకపోతే పార్టు మార్చే ముందు కొలిచి చూసి కారణం చెప్పేవి తక్కువ. బళ్లారి చౌరస్తాకు దగ్గరలో, లారీల పంపులూ నాజిళ్లూ బాగుచేసే దుకాణాల మధ్య ఉన్న ఒక చిన్న డీజిల్ వర్క్‌షాపు ఆ కొద్దిపాటి వాటిలో ఒకటి. ముందు రేకుల పందిరి, దాని కింద నూనె మరకల నేల. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను పరీక్షించే బెంచి ఉన్న లోపలి గదిని మాత్రం దుమ్ము చొరకుండా అద్దాల తలుపుతో మూసి ఉంచుతారు. పని మీద వారికున్న శ్రద్ధ ఆ గదిని చూస్తేనే అర్థమవుతుంది.

మా కారుది కామన్ రైల్ ఇంజన్, అంటే పంపు ఒత్తిడితో నింపే ఒకే గొట్టం (రైల్) నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందే రకం; లక్షన్నర కిలోమీటర్లకు చేరువలో ఉంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టీ కొట్టగానే స్టార్టవుతుంది. మే నెల ఎండలో డోన్ వైపు నుంచి హైవే మీద వచ్చి, టీ కోసం పావుగంట ఆపితే మాత్రం సెల్ఫ్ మోటార్ ఎంత తిరిగినా ఇంజన్ అందుకోదు. గంటసేపు చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. అంతకుముందు వేరొక గ్యారేజీలో బ్యాటరీ మార్చారు, ఆ తర్వాత హీటర్ ప్లగ్గులూ మార్చారు. హీటర్ ప్లగ్గుల అవసరం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కాబట్టి, వేడి మీద వచ్చే తంటాకు వాటిని మార్చడం ఏ లెక్కన సబబో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈ షాపులో అందరూ భాయ్ అని పిలిచే పెద్దాయన పెట్టిన మొదటి షరతే నాకు నచ్చింది: "చల్లారిన బండిలో ఈ రోగం కనపడదు సార్, మిట్టమధ్యాహ్నం బాగా తిప్పి, ఇంజన్ ఆపకుండా నేరుగా ఇక్కడికే తీసుకరండి." అలాగే తీసుకెళ్లాను. మొరాయిస్తున్న ఇంజన్ మీద మొదట బ్యాటరీకి మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టించారు. వోల్టేజీ 10కి దిగువకు పడలేదు, ఇంజన్ తిరిగే వేగంలోనూ లోపం లేదు. అంటే వేడికి సెల్ఫ్ మోటార్ బరువెక్కుతోందన్న అనుమానం పోయింది. తర్వాత కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపే స్కానర్ తగిలించి ఆర్‌పీఎం చూశారు. ఇంజన్ తిరిగే వేగాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సార్‌లోని తీగచుట్ట వేడికి తెగి చల్లారాక మళ్లీ కలిసే సందర్భాల్లోనూ అచ్చం ఇవే లక్షణాలు ఉంటాయి కాబట్టి ఈ మెట్టును దాటవేయకూడదట. సెన్సార్ పోతే సెల్ఫ్ తిరుగుతున్నా తెరపై సున్నాయే కనిపిస్తుంది. మా కారుకు అంకె సరిగానే వచ్చింది.

అసలు సంగతి రైల్ ప్రెజర్ దగ్గర బయటపడింది. రైల్‌లో డీజిల్ ఒత్తిడి ఒక హద్దు దాటేదాకా, చాలా ఇంజన్లలో అది 200 బార్లకు (బార్ అంటే ఒత్తిడి కొలమానం) అటూ ఇటూగా ఉంటుంది, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూ ఇంజెక్టర్లను తెరవనివ్వదు. మా కారుది 130 దగ్గరే ఆగిపోయింది. వేడెక్కిన డీజిల్ పలచబడుతుంది కనుక, అరిగిన ఇంజెక్టర్ వాల్వు సందుల్లోంచి, మిగులు డీజిల్‌ను ట్యాంకుకు తిప్పిపంపే రిటర్న్ పైపులోకి జారిపోయేది ఎక్కువై ఒత్తిడి నిలవదు; చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు అదే సందు అంత నష్టం చేయదు. ఉదయం బాగున్న బండి మధ్యాహ్నం మొండికేయడానికి కారణం ఇదే.

ఒత్తిడి తక్కువనగానే హైప్రెజర్ పంపు మీదకు పోయేవారే ఎక్కువ, అందులో ఖర్చూ ఎక్కువే. వీరు ముందు ఫిల్టర్‌కూ పంపుకూ నడుమ పారదర్శకమైన పైపు పెట్టి, గాలి బుడగలు రావడం లేదని చూశారు. తర్వాత నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ మూతులకు నాలుగు సన్నని గొట్టాలు తగిలించి, గీతలున్న నాలుగు సీసాల్లోకి వదిలి సెల్ఫ్ కొట్టించారు. మూడు సీసాల్లో అడుగు తడిసీ తడవనంతగా డీజిల్ పడగా, మూడో సిలిండర్ సీసాలో మాత్రం ధార కట్టి సగానికి వచ్చింది. అంతటితో ఊరుకోకుండా, ఒత్తిడి పూర్తిగా దిగేదాకా ఆగి, ఆ ఇంజెక్టర్‌కు వెళ్లే పైపును రైల్ దగ్గర విప్పి, ఆ మూతికి బిరడా బిగించి మళ్లీ స్టార్ట్ చేయించారు. ప్రెజర్ ఒక్కసారిగా లేచింది, మూడు సిలిండర్ల మీదే ఇంజన్ దడదడలాడుతూ అందుకుంది. పంపులో లోపం లేదని దీనితో రుజువైంది. నడుస్తున్న ఇంజన్ రైల్‌లో ఒత్తిడి 1,000 బార్లు దాటగలదు, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు కాబట్టి ఇంటి దగ్గర ఎవరూ ఈ పైపుల జోలికి పోవద్దు.

పాత రోటరీ పంపుల జీపులు ఇలా మొరాయిస్తే పంపు మీద తడి గోనెపట్ట కప్పి చూసేవారమని, పంపు చల్లబడి డీజిల్ చిక్కబడటంతో స్టార్టయితే పంపు అరిగిందని తేల్చేవారమని భాయ్ చెప్పారు. సూత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఇంజెక్టర్‌ను విప్పి బెంచి మీద పెట్టి వాల్వు మార్చి, కొత్త రాగి వాషర్‌తో బిగించి, బెంచి పరీక్షలో వచ్చిన, ఆ ఇంజెక్టర్ తీరును తెలిపే కోడ్‌ను స్కానర్‌తో ఈసీయూలోకి ఎక్కించారు. పరీక్షకు 1,200, ఇంజెక్టర్ పనికి 6,500 రూపాయలు తీసుకున్నారు. రెంటినీ బిల్లులో విడివిడిగా చూపడం, పని వేరేచోట చేయించుకున్నా పరీక్ష డబ్బు మాత్రమే తీసుకుంటామని ముందే చెప్పడం నిజాయతీగా అనిపించింది. వేడి మీద ఇప్పుడు సెల్ఫ్ కొడితే ప్రెజర్ 250 దాటుతోంది.

అయితే కొలతలన్నీ నోటిమాటగా చెప్పారే తప్ప బెంచి రిపోర్టు కాగితం ఇవ్వలేదు, వారంటీ కూడా మాట మీదే. మరో ఊరి మెకానిక్‌కు చూపించాల్సి వస్తే చేతిలో ఆధారం ఉండదు. రేపిస్తామన్న పని ఎల్లుండికి పోవడం అక్కడ మామూలే, కూర్చోవడానికి రెండు స్టూళ్లు తప్ప మరేమీ లేదు. లారీల పని ముందు కార్లు వెనకబడతాయి కాబట్టి ముందురోజే ఫోన్ చేసి వేళ అడగడం మేలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు షాపు మూసి ఉంటుంది. ఆ రోజు ఇంజన్ వేడిగా తీసుకెళ్తే తెరిచేసరికి చల్లారిపోతుంది.