రేణిగుంట రోడ్డు రాతి పని షాపులో దిమ్మె చేయించాం: ఐదుకు నాలుగు మార్కులు

మా బడి పూర్వ విద్యార్థులమంతా చందాలు వేసుకుని లెక్కల మాస్టారి కంచు విగ్రహం పోయించాం, ఛాతీ వరకు. మీసం ఎలా ఉండాలన్న దాని మీదే నెల్లాళ్ళు వాదించుకున్నాం. దిమ్మె దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఇటుకలు కట్టి టైల్స్ అతికించేద్దాం" అన్నారు మావాళ్ళు. తిరుపతి ఎండకు ఆ టైల్స్ ఎన్నాళ్ళుంటాయో కూడళ్ళలో చూస్తూనే ఉన్నాం. అందుకే పట్టుబట్టి ఈ షాపుకు లాక్కెళ్ళాను.

షాపాయన రెండు నమూనాలు చూపించారు. ఒకటి పద్మపీఠం. అడుగున రేకులు కిందికి వాలి, పైన రేకులు పైకి విచ్చుకుని, నడుమ సన్నగా ఉంటుంది. ఈ తరహా పీఠమే బౌద్ధంతో పాటు చైనా వెళ్ళి సుమేరు పీఠమైంది. బీజింగ్ ఫర్బిడెన్ సిటీలో చక్రవర్తి పెద్ద మండపం కూడా మూడంతస్తుల తెల్లరాతి సుమేరు పీఠం మీదే ఉంది. రెండోది పాశ్చాత్య పద్ధతి: వెడల్పాటి పాదం, మధ్యలో నిటారుగా చదునైన రాయి, పైన కాస్త ముందుకొచ్చిన అంచు.

నా మనసు పద్మపీఠం మీదే ఉంది. కానీ దాతల పేర్లు చెక్కించాలి కదా, ఆ సన్నటి నడుము మీద చోటేదీ? చైనావాళ్ళు పెద్ద శాసనాలకు విడిగా ఫలకం నిలబెట్టి రాతి తాబేలు వీపు మీద ఎక్కిస్తారు. మాకు తాబేలు బడ్జెట్ లేదు. న్యూయార్క్ స్వేచ్ఛా విగ్రహం దిమ్మెకు డబ్బు చాలకపోతే 1885లో పులిట్జర్ తన పేపర్లో చందాలడిగి, ఇచ్చిన 1,20,000 మందికి పైగా జనం పేర్లు అందులోనే అచ్చేశాడట. మావాళ్ళకు వాట్సాప్ గ్రూపులో పేరొస్తే సరిపోదు, రాయి మీదే ఉండాలి. దాంతో చదును దిమ్మెకే ఓటు పడింది.

పని మాత్రం మెచ్చుకోవాల్సిందే. కుప్పం గ్రీన్ గ్రానైట్, మూడు రాళ్ళు, మధ్యలో స్టీలు రాడ్డు. చిన్నపిల్లలకు కూడా మాస్టారి మొహం కనబడాలని ఎత్తు నాలుగడుగుల దగ్గరే ఆపించారు షాపాయన. పై అంచు అడుగున చుట్టూ వేలు పట్టేంత గాడి తీశారు. వాన నీళ్ళు ఆ గాడి దగ్గరే తెగి నేల మీద పడతాయి, పేర్ల మీదికి జారవు. కంచు మీద నుంచి దిగే పచ్చ చారలు కూడా రాతికి పెద్దగా అంటవు. ఇది మేం అడిగింది కాదు.

ఒక మార్కు తగ్గించింది అక్షరాలకు. ఒత్తులు మరీ చిన్నగా చెక్కడంతో "కృష్ణ"లో రంగు నిండిపోయి ముద్దలా ఉంది. సంక్రాంతికన్నది శివరాత్రికి చేరింది. క్రేన్ ఖర్చు విడిగా ఉంటుందని దిమ్మె లారీ ఎక్కాక చెప్పారు. మీరు వెళితే ఆ లెక్క అడ్వాన్సు ఇచ్చే ముందే తేల్చుకోండి, పేర్లు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి చూసుకోండి.